పదిలో పదకొండోది

"ముందే చెప్తున్నా. నమ్మే దమ్ము లేనివాళ్ళు ఇప్పుడే ఆ బెంచీ మీంచి లేచిపోండి. సగం దాకా విని, టీ తాగేసి, ఆనక 'చాల్లే మామయ్యా' అన్నారంటే మాత్రం ఊరుకోను. నేను చెప్పేది అబద్ధమని తేల్చినవాడి ఇంటికి రేపు పొద్దున్నే వెళ్ళి, కళ్ళు మూసుకుని గోడ నిండా మేకులు కొట్టి వస్తా. ఒక్కటి వెంట్రుకవాసి వంకరొచ్చినా నా చెవి కోసిచ్చేస్తా. కోసేవాడు కూడా ఇక్కడే ఉన్నాడు."

కోసేవాడంటే పక్కనే సెలూన్ నడిపే అతను. కుర్చీలో ఒక మనిషిని సగం గడ్డంతో, మొహం నిండా నురుగుతో వదిలేసి, కత్తెర వేళ్ళకి తగిలించుకునే వచ్చి కూర్చున్నాడు. "కానివ్వు మామయ్యా, చెవుల సంగతి చివర్లో చూసుకుందాం" అన్నాడు.

బెంచీకి రెండో కొసన లెక్కల మాస్టారు. రిటైరై ఆరేళ్ళయినా జేబులో ఎర్ర పెన్ను లేకుండా గడప దాటడు. ఎక్కడ ఎవరు తప్పు చెప్తారో ఏమో, మనిషి సిద్ధంగా ఉండాలి కదా. "నీ మేకులు నమ్ముతానోయ్, నీ మాటలే నమ్మను" అన్నాడు.

టీ అక్క పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ ముగ్గురినీ చూసింది. ఆ కొట్టు ఆమెదే. మేకుల మామయ్యని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. పదిహేనేళ్ళుగా ఆయన కోసే కోతలన్నీ ఆ పొయ్యి వెనక నిలబడే విన్నది. ఆయన మొదలుపెడితే మామూలుగా టీ చల్లారేలోపు మాటలు కోటలు దాటేవి. ఇవాళ మాత్రం మూడో గ్లాసు పోసినా ఒక్క గుక్క తాగలేదు. దుప్పట్లో చుట్టిన పటం ఒకటి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా దాన్ని పట్టుకునే కూర్చున్నాడు.

ఎందుకో ఆమెకి తెలుసు.

కొట్టుకి ఎదురుగా, రోడ్డు దాటితే, బొమ్మల ప్రదర్శన హాలు. నలభై ఏళ్ళుగా ఆ హాల్లో ఏ బొమ్మ వేలాడినా అది మేకుల మామయ్య కొట్టిన మేకుకే వేలాడింది. గోడ మీద చెయ్యి పెట్టి నిమిరి, పెన్సిల్‌తో చుక్క పెట్టి, రెండు దెబ్బలు వేసి పక్కకి తప్పుకునేవాడు. తర్వాత జనం వచ్చి బొమ్మని చూసేవాళ్ళు. మేకుని చూడ్డానికి ఎవరూ రారు కదా. ఆయన అసలు పేరు ఏమిటంటే ఆయన భార్య, టీ అక్క పిన్ని, ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించి చెప్తుంది.

ఇవాళ సాయంత్రం ఐదింటికి ఆ హాల్లో అచ్చులమ్మ బొమ్మల ప్రదర్శన మొదలు. పలకల మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీసే పెద్దావిడ ఆమె. ఒక్కో బొమ్మకి ఇన్నే ప్రతులని ముందే కట్టడి పెట్టుకుంటుంది. కింద అంచున పెన్సిల్‌తో ఒక పక్క నంబరు, ఒక పక్క సంతకం. పదిలో మూడోది అయితే మూడు, గీత, పది. ఆ నంబరు కోసం, ఆ సంతకం కోసం సేకరించేవాళ్ళు ఊళ్ళు దాటి వస్తారు. ఇప్పుడు ఆవిడ చేతులు వణుకుతున్నాయట, ఇక చెక్కదట. అందుకే ఇన్నేళ్ళ పనీ ఒక్కచోట పెడుతున్నారు. మొత్తం నలభై బొమ్మలు.

మామయ్య పొద్దున నలభై ఒక్క మేకులు కొట్టాడు.

హాలు నడిపే మేడమ్ వేలు పెట్టి లెక్కపెట్టి, "నలభై బొమ్మలకి నలభై ఒక్క మేకులేమిటి మామయ్యగారూ?" అంది.

"ఒకటి నాది" అన్నాడాయన. దుప్పటి విప్పి పటం చూపించాడు. ఆమె కింది అంచు చూసింది. నంబరు లేదు. సంతకం లేదు. పని అచ్చులమ్మదిలాగే ఉందిగానీ కాగితం మీద మరకలు. మంచి మనిషే, విసుక్కోలేదు. "సాయంత్రం ఆవిడ వస్తారు. నాదే అంటే పెడదాం. కాదంటే తలుపులు తెరిచేలోపు ఆ మేకు పీకి, చిల్లు పూడ్చి, రంగు వేసేయండి" అంది.

నలభై ఏళ్ళలో తనకోసం కొట్టుకున్న మేకు అదొక్కటే. ఇప్పుడు మూడున్నర అయింది. అందుకే ఆ టీ అలా చల్లారుతోంది.

"అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు," మొదలుపెట్టాడు మామయ్య. "కండలు చూడాలి మీరు. చొక్కా చేతుల కొలత తీయడానికి దర్జీ నిచ్చెన వేసుకునేవాడు. అచ్చులమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది, కొత్త బొమ్మకి పటాలు కట్టాలి, వచ్చి కొలతలు తీసుకో అని. వెళ్ళాను. వెళ్ళేసరికి ఆవిడ తల పట్టుకుని కూర్చుని ఉంది."

"ఎందుకూ?" అన్నాడు సెలూన్ అతను.

"అచ్చు యంత్రం బిగుసుకుపోయింది. చక్రం తిరగట్లేదు. ముందు ఆవిడ పద్ధతి చెప్పాలి మీకు, లేకపోతే కథ అర్థం కాదు. ఆవిడకి ఒక బొమ్మకి ఒకటే పలక. గచ్చు మీద పరిచే గోధుమరంగు షీటు ఉంటుందే, అలాంటి మెత్తటి పలక. ముందు పసుపు పూసి అన్ని కాగితాల మీదా తీస్తుంది. ఆ తర్వాత అదే పలకని ఇంకాస్త చెక్కి ఎరుపు. మళ్ళీ చెక్కి నీలం. అలా అలా చెక్కుకుంటూ నలుపు దాకా వచ్చేసరికి పలకంతా తరుగై కింద రాలిపోయి ఉంటుంది. ఇంకొక్కటి తీసివ్వమ్మా అని కాళ్ళమీద పడ్డా తీయడానికి పలకే ఉండదు. విన్నారా? వేసినన్నే. మళ్ళీ పుట్టవు."

ఇంతవరకూ నిజమే. మామయ్య కోతలకి పునాది మాత్రం ఎప్పుడూ గట్టి సిమెంటుతోనే పోస్తాడు.

"ఆ బొమ్మ, వాన వెలిసిన వీధి. పెంకుటిళ్ళు, తడిసిన రాళ్ళ బాట, కిటికీల్లో పసుపు వెలుగు, పైన కరెంటు తీగ, తీగ మీద కాకి. తప్పుకోండమ్మా అన్నాను. ఒంటిచేత్తో చక్రం పట్టుకుని తిప్పాను. ఏదో మామూలుగా తిప్పాననే అనుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొమ్మ కాగితం మీద పడటమే కాదు, కాగితం దాటి కింద కాగితం మీద పడింది. అది దాటి యంత్రంలో పరిచిన కంబళి మీద పడింది. బల్ల మీద పడింది. గచ్చు మీద పడింది. కింద వాటాలో కాపురమున్నవాళ్ళు పరుగెత్తుకుంటూ పైకొచ్చారు, మా ఇంటి కప్పు మీద ఎవరో వీధి గీశారు, తలకిందులుగా ఉంది, తిరగేసి పోండి అని!"

సెలూన్ అతను బెంచీ మీద చరిచాడు. "తిరగేశావా?"

"టైమేదీ? అద్దెకున్నవాళ్ళే తలకిందులుగా అలవాటు పడ్డారు. అలా వచ్చిందిరా ఇది. కింద కాగితం మీద పడిన బొమ్మ. లోకంలో ఈ బొమ్మకి ప్రతులు పదే. ఇది పదిలో పదకొండోది."

మాస్టారి చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోయింది. "పదిలో పదకొండోది ఉండదోయ్. పదిలో పదోదాకే ఉంటాయి."

"మీకు ఉండదు మాస్టారూ. అందుకే అది నా దగ్గరుంది."

అప్పుడే రోడ్డు అవతల టాక్సీ ఒకటి ఆగింది. మామయ్య వీపు రోడ్డు వైపు. మిగిలిన ఇద్దరి కళ్ళూ మామయ్య నోటి మీద. చూసింది టీ అక్క ఒక్కతే. చేతికర్రతో ఒక పెద్దావిడ దిగి, హాలు వైపు చూసి, ఇంకా టైముందనుకుందేమో, రోడ్డు దాటి ఇటే వచ్చింది. వెనక బల్ల మీద కూర్చుంది. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. గోళ్ళ సందుల్లో ఎన్నేళ్ళు కడిగినా పోని నల్లటి సిరా. హాలు గేటుకి కట్టిన పెద్ద పోస్టరులో ఆ మొహాన్నే టీ అక్క వారం రోజులుగా చూస్తోంది.

అచ్చులమ్మ.

టీ అక్క గరిటె వదిలేసింది. "బాబా..." అనబోయింది. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "చక్కెర తక్కువ," అంది మెల్లిగా. "ఆయన్ని చెప్పనివ్వు."

ఆయన ఆగే ఘట్టం ఎప్పుడో దాటిపోయాడు. దుప్పటి విప్పి పటం మోకాళ్ళ మీద నిలబెట్టాడు. వానకి తడిసిన వీధి, చిన్న చిన్న కిటికీల్లో వెలుగు. ఇద్దరూ బొమ్మ దగ్గరికి జరిగారు. తర్వాత సెలూన్ అతను వేలు పెట్టాడు. "ఆకాశంలో ఈ గుండ్రం ఏమిటి మామయ్యా? మరకలా ఉంది."

"మరకా! కళ్ళు కడుక్కుని రారా! చందమామ అది. సాయంత్రం కాగితం కిటికీ దగ్గర ఆరబెట్టాం. వాడు అప్పుడే పైకొస్తున్నాడు. వీధి నచ్చింది వాడికి. ఇన్ని ఊళ్ళు తిరిగానుగానీ ఇంత శుభ్రమైన వీధి చూడలేదు, ఒకసారి చూసి పోదాం అని వంగాడు. రంగు ఇంకా తడి. అంటుకుపోయాడు!"

"చందమామ గోధుమరంగులో ఉంటాడా?" అన్నాడు మాస్టారు.

"భయపడ్డాడు. భయపడితే మీరే రంగులో ఉంటారో అద్దంలో చూసుకున్నారా?"

"అది సరే, మధ్యలో ఖాళీగా ఉందేం? అంచు ఒక్కటే ఉంది."

"అక్కడికే వస్తున్నా. వదలరా అని నేనిటు, వదలనని కాగితమటు. మొత్తానికి వాడు ఒక్క గుంజు గుంజి పారిపోయాడు. అంచు ఊడి ఇక్కడ ఉండిపోయింది. అంచు లేని గుడ్డ ఏమవుతుంది? పీచులూడిపోదూ? అప్పట్నుంచేగా చందమామ నెలనెలా అరిగిపోతున్నాడు!"

"అంతకుముందు అరిగేవాడు కాదా?"

"మీరు చూశారా?"

మాస్టారు నోరు తెరిచి, చూశానని చెప్పడానికి సాక్ష్యం దొరక్క, మూశాడు. వెనక బల్ల మీద పెద్దావిడ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో కోపమో టీ అక్కకి అంతుపట్టలేదు.

"మరి కాకేదీ?" అన్నాడు సెలూన్ అతను. "తీగ మీద కాకి అన్నావు. తీగా లేదు, కాకీ లేదు."

"శభాష్. ఇప్పటికి అడిగావు అడగాల్సిన ప్రశ్న." మామయ్య గొంతు తగ్గించాడు. పెద్ద కోత కోసేముందు ఆయన ఎప్పుడూ గొంతు తగ్గిస్తాడు. "మిగతా పదింటిలో కాకి ఉంది. వెళ్ళి చూసుకోండి, పొద్దున నేనే వేలాడదీశాను ఒకదాన్ని. ఇందులో కూడా ఉండేది. నేను తిప్పిన తిప్పుడికి దానికి ప్రాణమొచ్చింది. ముందు తల ఇలా పక్కకి పెట్టి నన్ను చూసింది. నేనూ చూశాను. కావ్ అంది. అచ్చులమ్మ చేతిలో రంగు పూసే రోలరు జారి కింద పడింది. టపటపమని లేచి కిటికీలోంచి పోయింది, పోతూ పోతూ కాళ్ళకి చిక్కుకున్న తీగ కూడా పీక్కుని పోయింది!"

"తీగ పోతే కరెంటు పోవాలి కదా!" మాస్టారు ఎగిరి దొరకబుచ్చుకున్నాడు. "కిటికీల్లో వెలుగెక్కడిది?"

"దీపాలు మాస్టారూ. కరెంటు పోతే మీ ఇంట్లో చీకట్లో కూర్చుంటారా? వెలిగించుకున్నారు పాపం."

సెలూన్ అతను కత్తెర కింద పెట్టి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. సెలూన్ గుమ్మంలోంచి నురుగు మొహం ఒకటి తొంగిచూసి, "నా రెండో చెంప సంగతేమిటి?" అంది. "ఉండవయ్యా, కాకి ఎగిరిపోయింది ఇక్కడ" అన్నాడతను.

"ఇక ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. సేకరించేవాళ్ళుంటారే, వాళ్ళకి నంబరు పిచ్చి. పదిలో పదకొండోది ఉందంటే ఇంక నిద్ర పడుతుందా? ఒకాయన భూతద్దం పట్టుకుని వచ్చాడు. నంబరు ఎక్కడుందని వంగాడు, ఇంకా వంగాడు, వంగి వంగి లోపల పడ్డాడు. మూడు రోజులు! నేను పటం దగ్గర కూర్చుని కేకలేస్తూనే ఉన్నా, ఏమండీ దారి దొరికిందా అని. మూడో రోజు ఆ సందు చివర్నుంచి నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో కొత్త గొడుగు. లోపల షాపులో కొన్నాడట. బూట్లు మాత్రం తడిసిపోయాయని అక్కడే వదిలేశాడు. ఇదిగో, గుమ్మం ముందు నల్లగా కనిపిస్తున్నాయి చూడండి, జత."

ఇద్దరూ వంగారు. గుమ్మం ముందు నిజంగానే ఏదో మసక మరక ఉంది. సెలూన్ అతను మరీ ముందుకి వంగాడు. మాస్టారు వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఎందుకు లాగాడో తనకే తెలియక, సిగ్గుపడి, చెయ్యి తీసేశాడు.

అది చాలు మామయ్యకి. ఇక పట్టపగ్గాల్లేవు. "ఆయన పోయాక వందమంది. మా ఇంటిముందు మొదలైన వరస మలుపు తిరిగి రోడ్డెక్కింది. రోజూ అన్ని గంటలు అంతమంది నిలబడుంటే బస్సువాడు ఏమనుకుంటాడు? ఆపడం మొదలుపెట్టాడు. ఆ బస్టాపు అలా వచ్చిందే! ఎవరికీ ఇవ్వనన్నాను. మేడ ఇస్తామన్నారు, ఓడ ఇస్తామన్నారు, నేను తలుపేసుకున్నా. ఆఖరికి ఏమైందో తెలుసా? ఈ హాలు ఇక్కడ ఉండేది కాదు. ఊరికి అవతల ఉండేది. ఇన్ని బొమ్మలు నాలో వేలాడాయిగానీ ఆ ఒక్కటీ రాలేదే అని బెంగపెట్టుకుంది. ఒకరోజు తెల్లారి చూద్దునుగదా, లేచి నడిచొచ్చి మా వీధి మొదట్లో కూర్చుని ఉంది! ఆ మెట్లు చూడండి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టు లేవూ?"

వింటున్న ముగ్గురూ హాలు వైపు చూశారు. నిజం చెప్పాలంటే, ఉన్నాయి.

"ఇంత జరిగింది," మాస్టారు చివరికి తేరుకున్నాడు. "చందమామ వచ్చాడు, కాకి పోయింది, హాలు నడిచింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చూసినవాళ్ళున్నారా? సాక్షి ఎవరు?"

"అచ్చులమ్మే సాక్షి!" మామయ్య గుండె మీద చరుచుకున్నాడు. "ఆవిడ ముందే జరిగింది ఇదంతా. రానీయండి, మొహమ్మీదే అడగండి. ఒక్క అక్షరం తేడా వస్తే..."

అక్కడ ఆగిపోయాడు. ఆవిడ నిజంగానే వస్తుందనీ, గంటలో వస్తుందనీ అప్పుడే గుర్తొచ్చినట్టు, పటం అంచు మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. టీ అక్క పాలు పొంగనిచ్చేసింది.

"అడగండి మరి" అంది వెనక నుంచి గొంతు.

మామయ్య మెల్లిగా తిరిగాడు. చూశాడు. ఆ మొహంలో రంగు మారడం చూస్తే, భయపడిన చందమామ ఏ రంగులో ఉంటాడో టీ అక్కకి అర్థమైంది.

"ఏమయ్యా మేకులాయనా, గుర్తున్నానా?" పెద్దావిడ కర్ర ఊతంగా లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. పటం తన మోకాళ్ళ మీదికి లాక్కుంది. చాలాసేపు చూసింది. వేలితో ఆ గుండ్రం చుట్టూ అద్దం మీద గీసింది. "చందమామ అన్నావు."

మామయ్య చల్లారిన టీ గ్లాసుని బెంచీ కిందికి జరిపాడు.

"టీ గ్లాసండీ ఇది," అంది మాస్టారి వైపు తిరిగి. "ఈయన పెట్టిందే. ఆరు రంగులూ అయిపోయాయి. నలుపు ఒక్కటే మిగిలింది, తీగా కాకీ అందులోనే వస్తాయి. పదకొండు కాగితాలు బల్ల మీద ఆరబెట్టుకున్నాను. ఈయన కొలతలకి వచ్చాడు. ఎండన పడి వచ్చాడు కదా అని టీ ఇచ్చాను. కాగితాలకి కొలత పెట్టడానికి చెయ్యి ఖాళీ కావాలని గ్లాసు తీసుకెళ్ళి సరిగ్గా నా ఆకాశంలో పెట్టాడు!"

సెలూన్ అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ బూట్లండీ?"

"బొటనవేలు. మరక తుడవబోయి, ఆ తడి వేలే గుమ్మం ముందు ఆనించాడు. చక్రం కూడా తిప్పలేదు, నేను ముట్టుకోనివ్వలేదు."

అంతే. నవ్వు బెంచీ అంతా పాకింది. మాస్టారు ఎర్ర పెన్ను తీసి గాల్లోనే పెద్ద సున్నా చుట్టాడు. సెలూన్ గుమ్మంలో నురుగు మొహం కూడా నవ్వింది. మామయ్య నవ్వలేదు. దుప్పటి అందుకున్నాడు. రెండు కొసలూ కలిపి పట్టుకుని, మడత పెట్టబోయి, చుట్టబోయి, ఏది ముందో తెలియనట్టు కూర్చున్నాడు. "మేకు పీకి వస్తానమ్మా," అన్నాడు. "తలుపులు తెరిచేలోపు రంగు ఆరాలి."

"ఆగు. ఆ రోజు నేనేం చెప్పాను నీకు?"

"చించేయమన్నారు. మళ్ళీ కంటపడనివ్వొద్దన్నారు."

"మరి?"

"చించడానికే తీసుకెళ్ళానమ్మా." ఆయన గొంతు తగ్గింది. ఈసారి కోత కోయడానికి కాదని టీ అక్కకి తెలిసింది. "ఇంటికెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాను కూడా. ఆ కిటికీల్లో వెలుగుంది కదా. లోపల ఎవరో ఉన్నట్టే అనిపించింది. ఇంట్లో మనుషులుండగా ఎలా చించనమ్మా?"

బస్టాపులో బస్సొకటి ఆగి వెళ్ళిపోయింది. పెద్దావిడ కిటికీల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె చెక్కిన కిటికీలే. ఎప్పుడు చెక్కిందో ఆమెకే గుర్తుందో లేదో.

"పదకొండు వేయాల్సిన బొమ్మ పది అయింది నీ వల్ల," అంది చివరికి. "చూసినవాళ్ళందరూ అడిగేవాళ్ళు, పదే ఎందుకండీ అని. టీ ఒలికిందని చెప్పనా? పది పూర్ణసంఖ్య, అందులో ఒక లోతు ఉంది అన్నాను. పత్రికలవాళ్ళు రాసుకున్నారు కూడా. నీకేనా కోతలొచ్చింది?" చెయ్యి చాచింది. "పెన్సిలుందా?"

నలభై ఏళ్ళుగా ఆయన చెవి మీద ఉన్న పెన్సిల్ ఇంకెక్కడికి పోతుంది? తీసిచ్చాడు. పటం తిరగేసి, వెనక మేకులు నాలుగూ గోటితోనే ఎత్తి, అట్ట తీసి, కాగితం అంచు నలగకుండా అద్దం మీంచి లేపి ఆమె ముందు పెట్టాడు. గ్లాసు నింపేంత సేపట్లో అయిపోయింది. ఇది కోత కాదు, టీ అక్క కళ్ళారా చూసింది. తన బల్ల మీద గ్లాసులన్నీ చేత్తో ఊడ్చినట్టు దూరంగా జరిపి, బల్ల తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచింది.

పెద్దావిడ చెయ్యి వణికింది. మామయ్య కాగితం అంచు పట్టుకుని కదలకుండా నిలిపాడు. ఎడమ పక్కన రాసింది: 11/10.

"అమ్మా," మాస్టారు ఆగలేకపోయాడు, "అది తప్పండీ."

"తప్పేనండీ. నలుపు పడని కాగితం, నంబరు లేని కాగితం, చించేయమంటే చించని కాగితం. దీనికి సరైన నంబరు ఏమిటో మీరే చెప్పండి, అదే వేస్తాను."

మాస్టారు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఎర్ర పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆమె కుడి పక్కన సంతకం చేసింది.

ఐదింటికి హాలు తలుపులు తెరుచుకున్నాయి. టీ అక్క పెద్ద ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది, గుమ్మం దగ్గరే మేడమ్ ఆపి, "గ్లాసులు మాత్రం బొమ్మల దగ్గరికి పోకూడదమ్మా" అని మూడుసార్లు చెప్పింది. నలభై ఒకటో మేకుకి వాన వెలిసిన వీధి వేలాడుతోంది, దారం కట్టినట్టు నిటారుగా. సెలూన్ అతను రెండు చెంపలూ పూర్తయిన మనిషిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మామయ్య చొక్కా మార్చుకుని వచ్చి, పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు, మేకు కొట్టిన ప్రతిసారీ నిలబడే చోటే. ఈసారి తప్పుకోలేదు, అంతే.

మేడమ్ ఆ బొమ్మ ముందు ఆగింది. పక్క గోడ మీద అదే బొమ్మ, పదిలో నాలుగోది, తీగతో, కాకితో సహా ఉంది. ఇటు చూసింది, అటు చూసింది. కింద నంబరు చదివి కళ్ళజోడు సర్దుకుంది. నలుగురూ మూగారు.

"అమ్మా, మరి ఇందులో కాకి ఏమైంది?" అని అచ్చులమ్మని అడిగింది.

అచ్చులమ్మ మొహంలో ఒక్క గీత కదల్లేదు. "ఎగిరిపోయింది."

"ఎగిరి...?"

"కిటికీలోంచి. తీగ కూడా పట్టుకుపోయింది. రోలరు జారి నా కాలి మీదే పడింది." కర్ర ఎత్తి గోడ వైపు చూపించింది. "నమ్మకం లేకపోతే అదుగో, చూసినాయన ఎదురుగానే ఉన్నాడు. మేకుల మామయ్యని అడగండి."